బాపమ్మ పోయాక తాత చుట్టలు

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక ఎండాకాలం... సిరిసిల్లలో మా ఇంటి అరుగు మీద కూర్చుని తాత ఒక చుట్ట చేతిలోకి తీసుకున్నాడు. తీసుకున్నాడో లేదో అది పెళపెళమని పగిలి ఒళ్లో రాలిపోయింది. రెండోదీ అంతే. మూడోది ఎలాగో వెలిగింది గానీ గొంతు మండి ఒకటే దగ్గు.

"నలభై ఏండ్ల సంది తాగుతున్న... ఎన్నడు గిట్ల పలగలే" అన్నాడు, పంచె మీది పొడిని చూస్తూ.

అప్పటికి బాపమ్మ, అంటే మా నాన్నమ్మ, పోయి మూడు నెలలు. అమ్మానాన్న మహారాష్ట్రలోని భీవండిలో మరమగ్గాల పనిలో ఉన్నారు. తాత ఒక్కడే అయిపోతాడని నన్ను ఆయన దగ్గర ఉంచారు. ఆయనకు తోడు నేను... మరి నాకు తోడెవరో ఎవరూ ఆలోచించినట్టు లేదు. రోజు మొత్తం మీద ఇద్దరం పది మాటలు మాట్లాడుకుంటే ఎక్కువ.

చుట్టలు పగిలాకే తెలిసింది... ఇన్నేళ్లూ వాటిని ఎండకు పెళుసెక్కకుండా, వానకు బూజు పట్టకుండా కాపాడింది బాపమ్మేనని. ఎలా కాపాడిందో తాతకు తెలియదు. ఆయన కొని తెచ్చి ఇచ్చేవాడు, అడిగినప్పుడు ఆమె ఒకటి తెచ్చి చేతిలో పెట్టేది. పక్కింటామెను అడిగితే "గామె పని గామెకే ఎర్క" అంది.

సరే, నేనే పూనుకున్నాను. చెంబెడు నీళ్లు తెచ్చి చుట్టల మీద చిలకరించాను. మర్నాటికి అవి ఉబ్బి మెత్తబడ్డాయి. అగ్గిపెట్టె సగం ఖాళీ అయినా ఒక్కటీ అంటుకోలేదు.

"మంచిగ నానవెట్టినవ్ బిడ్డా... ఇగ కూర వండుదమా?"

బాపమ్మ పోయాక తాత నవ్వగా చూడటం అదే మొదలు.

నేత మానేసి ఏళ్లయినా ముందు గదిలో తాత గుంటమగ్గం అలాగే ఉండేది. కాళ్లు పెట్టుకునే ఆ గుంట మండుటెండల్లో కూడా చల్లగా, కాస్త చెమ్మగా ఉండేది. కొత్త చుట్టలు తెచ్చి, రేకు డబ్బాలో పేర్చి, గట్టిగా పిండిన గుడ్డ ఒకటి పక్కన పెట్టి ఆ గుంటలోకి దించాం.

నాలుగు రోజులయ్యాక తాత ఒక చుట్ట తీసి వేళ్ల మధ్య మెల్లగా నొక్కాడు. "నూలు లెక్కనే బిడ్డా. ఎండితె తెగుతది, నానితె ఉబ్బుతది. గిట్ల ఒత్తితె ఒంగాలె... మళ్ల లేవాలె." నా వేళ్లు పట్టుకుని నాతోనూ నొక్కించాడు. ఎంత చెమ్మ ఉంటే సరిపోతుందో నాకు ఆ స్పర్శే నేర్పింది.

ఆ ఎండాకాలమంతా సాయంత్రాలు గుడ్డ తడిపి పిండటం నా పని. చుట్ట వెలిగించి తాత ఏదో ఒకటి చెప్పేవాడు... నూలు కండెల గురించి, బీర్పూర్‌లో తన పెళ్లి గురించి. నేను వినేదాన్ని.

తర్వాత వానలు పడ్డాయి. అప్పుడు కూడా నేను రోజూ గుడ్డ తడుపుతూనే ఉన్నాను... ఎవరు చెప్పాలి వద్దని? ఒక పొద్దున డబ్బా తెరిస్తే చుట్టల నిండా తెల్లటి బూజు.

తాత తిట్టలేదు. అయినా నాకు ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపులోనే, అన్ని నెలలూ ఎవరికీ చెప్పని మాట బయటపడింది...

"నేను అమ్మ కాడికి పోత తాతా."

తాత తువ్వాలతో నా మొహం తుడిచాడు. "నీ తప్పేం లేదు బిడ్డా. వానకాలం గుడ్డ వెట్టద్దని నాకు సుత తెల్వది." తువ్వాల భుజాన వేసుకుని, "నన్ను సూసుకొమ్మని నిన్ను ఉంచిరి. నిన్నెవరు సూడాలె?" అన్నాడు.

వారం తిరగకుండా, భీవండి వెళ్తున్న మా వాడకట్టు వాళ్లతో నన్ను పంపించేశాడు. బస్సు కిటికీ దగ్గర నిలబడి "పో... మంచిగ చదువుకో" అన్నాడు. బస్సు కదిలినా అక్కడే నిలబడ్డాడు.

మరుసటి ఎండాకాలం సెలవులకు నేను వచ్చేసరికి తాత చుట్ట మానేశాడు.

"ఎందుకు తాతా?"

"పొగ, పొగ అని మీ బాపమ్మ పక్కన కూసోని లొల్లి వెట్టేది. తర్వాత నువ్వు ముచ్చట వినేదానివి. ఒక్కన్నే కూసోని తాగబుద్ధి గాలే."

డాక్టర్లు చెప్పినా, నాన్న బతిమాలినా మానని మనిషి...

మొన్న హైదరాబాద్‌లో తెలిసినవాళ్లింట్లో చుట్టలు దాచే చెక్కపెట్టె చూశాను. లోపల తేమ ఎంతుందో గడియారంలో లాంటి ముల్లు చూపిస్తుంది. ఎంత ఉండాలో పక్కనే రాసి ఉంది. ఇప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు... ఎవరూ నేర్పక్కర్లేదు.

మీ ఇళ్లలో కూడా ఇలా ఎవరో ఒకరు చప్పుడు లేకుండా చేసుకుపోయిన పని, వాళ్లు పోయాకే మీకు తెలిసినది, ఏదైనా ఉందా? ఉంటే ఇక్కడ రాయండి... తాత ముచ్చట్లు విన్నట్టే కూర్చుని చదువుకుంటాను.