బట్టతలవాళ్ళు వాగు ఎట్లా దాటాలి?

పొద్దు వాలాక అడవి దారిలో ఒంటరిగా నడుస్తుంటే, వెనుకనుంచి మీ గొంతే మిమ్మల్ని పిలిస్తే ఏం చేస్తారు? తిరిగి చూస్తారా, చూడరా? జవాబు దాచుకోండి. దయ్యాల్లేవని ఊరూరా తిరిగి వాదించిన మనిషిని నేను. ఆ సాయంత్రం నేనేం చేశానో చదివాక కూడా నా మీద మీకు గౌరవం మిగిలితే, అది మీ మంచితనమే.

ముందు నా రహస్య జబ్బు సంగతి చెప్పాలి. బయట నేను హేతువాదిని. అరచేతిలో కర్పూరం వెలిగించి, కొబ్బరికాయలోంచి మంట పుట్టించి, "ఇందులో మహిమ లేదు, రసాయనం ఉంది" అని జనానికి చూపించేవాణ్ణి. ఇంటికొచ్చి తలుపు వేసుకుంటే మాత్రం మాయల నవల రాసేవాణ్ణి. మా అమ్మాయి బడిలో చేరినప్పుడు మొదలుపెట్టాను. ఆమె ఉద్యోగంలో చేరినా నా కథానాయకుడు ఇంకా మొదటి వాగు దాటలేదు. కారణం నా పట్టుదల. మాయకైనా కార్యకారణ సంబంధం ఉండి తీరాలి! "మంత్రాలకు చింతకాయలు రాలుతాయా?" అని సభల్లో గర్జించేవాణ్ణి కదా, నా నవలలో రాలుతాయి. కాకపోతే కాయకొక వెంట్రుక చొప్పున మంత్రగాడి నెత్తి మీదనుంచీ రాలుతుంది. అడవి ఏదీ ఊరికే ఇవ్వదు. సూత్రం ఎంత బలమైనదంటే, నవల పెరిగేకొద్దీ నా తలే నున్నబడింది.

అందులో గుండెకాయలాంటి నియమం ఒకటుంది: పొద్దు వాలాక వాగు దాటేవాడు ఒక వెంట్రుక పీకి నీళ్ళలో వదిలి, తల్లి పేరు చెప్పాలి. చెప్పకపోతే అతని గొంతే అతన్ని వెనుకనుంచి పిలుస్తుంది. తిరిగి చూశాడా, ఆ గొంతు ఇక అడవిదే. అతను బతికినన్నాళ్ళూ మూగే.

నేను చెబుతుంటే టైపు చేసిపెట్టేది నా భార్య సరోజ. ఇది విని చేతులు ఆపింది.

"మరి బట్టతలోళ్ళు వాగు ఎట్ల దాటాలె?"

"నా నవలలో బట్టతలవాళ్ళు లేరు."

"రాసేటాయనే ఉన్నడు గదా!"

"నీకు సాహిత్యం తెలియదు."

"లెక్క తెలుసు. మీ మంత్రంల బొక్క ఉన్నది, పూడ్చుకోండ్రి."

పూడ్చలేదు. పైగా అలిగి, ఇక ఎదురుగా కూర్చుని చెప్పనని, ఆ నియమంతో సహా అన్నీ ఫోన్లో మాట్లాడి పంపడం మొదలుపెట్టాను. అడవి పలికే మాటలు మామూలు గొంతుతో చెబితే ఏం బాగుంటుంది? మంచినీళ్ళ ఇత్తడి బిందె ఖాళీ చేసి, అందులో తలా ఫోనూ దూర్చి పలికాను. "ఎవరది... వెంట్రుక ఇయ్యకుండా పోతున్నదెవరు..." నా వెన్ను నాకే జలదరించింది. సరోజ తనకేమీ రాలేదంది. సిగ్నల్‌ను తిట్టుకుని మళ్ళీ పంపాను. సరోజ మాత్రం బిందె ఎందుకు తడారిపోయిందని ఆ రోజంతా అడుగుతూనే ఉంది.

కొన్ని నెలలు గడిచాయి. చండ్రుగొండ దాటి అడవి అంచున ఉన్న ఒక పల్లెలో మధ్యాహ్నం ప్రదర్శన ఇచ్చి తిరిగి వస్తున్నాను. నన్ను ఊళ్ళకు తిప్పే ఆటో యాకూబ్‌ది. మనిషి బంగారం, ఆటో తుప్పు. దారిలో వాగు మీద ఎత్తులేని వంతెనలాంటి చప్టా ఉంది. పొద్దు వాలింది. పక్షులు కూడా ఎవరో చెప్పినట్టు ఒక్కసారే నోరు మూశాయి. టేకు చెట్ల మధ్యనుంచి చీకటి నీళ్ళలా పారుకుంటూ వస్తోంది. యాకూబ్ ఆటో ఆపి, ఒక వెంట్రుక పీక్కుని, వాగులో వదిలి, "మా అమ్మ పేరు ఖాసింబీ" అన్నాడు.

నా ఒళ్ళు ఝల్లుమంది. భయంతో కాదు, గర్వంతో! నా ఊహ జనం మనసు లోతుల్లోని ఆదిమ సత్యాన్ని అందుకుందన్నమాట!

"యాకూబ్, ఈ ఆచారం ఎప్పటిది?"

"మా తాతల కాలం నుంచి ఉన్నది సార్. మీరు గూడ ఇయ్యుండ్రి జల్దీ."

గర్వం వెంటనే హేతువాదంగా మారింది. "చూడు, నేను ఏమీ ఇవ్వకుండా నడిచి దాటుతా" అని దిగాను.

"వద్దు సార్! మీ కాళ్ళు మొక్కుత!"

చప్టా మీద నాలుగడుగులు వేశాను. కింద నీళ్ళు గుసగుసలాడుతున్నాయి. అప్పుడు వెనుకనుంచి వచ్చింది: "ఎవరది... వెంట్రుక ఇయ్యకుండా పోతున్నదెవరు..."

నా గొంతు. సందేహం లేదు, నా గొంతే! పాతాళంలో కూర్చుని నేనే నన్ను పిలుస్తున్నాను.

తిరిగి చూశానా? చూడలేదు! నియమం రాసినవాణ్ణి, నాకు తెలియదా? మెడ బిగబట్టుకుని ముందుకూ పోలేక, వెనక్కూ రాలేక పక్కకు దూకాను, గట్టు మీది పొదల్లోకి. మడమ మీద చురుక్కుమంది. ఏదో సర్రున పాకిపోయింది.

యాకూబ్ పరుగెత్తుకొచ్చి నన్ను ఎత్తి ఆటోలో వేశాడు. మడమ మీద రెండు చుక్కలు. ఆటో మాత్రం కదలదు.

"పోనియ్యి! దవాఖానా అవతలే కదా!"

"ఇప్పుడెట్ల పోతం సార్? అడవి మిమ్మల్ని పిలిచింది. ఇయ్యకుండ దాటితే ఇద్దరం పోతం."

"పిలిచింది నేనేనయ్యా!"

"మీరు పిలవలే. మీకు నమ్మకం కుదరాలెనని నేనే ఆటో స్పీకర్ల పెట్టిన. గది అడవి గొంతు."

"అది నాదే! బిందెలో తల పెట్టి మాట్లాడాను!"

యాకూబ్ నా మొహంలోకి జాలిగా చూశాడు. "యా అల్లా, విషం నెత్తికెక్కింది."

"అసలు నీకెక్కడిది అది?"

"మీ 'మూఢనమ్మకాల మీద పోరు' గ్రూపులనే గదా వచ్చింది! మీరే పంపిన్రు. దయ్యాల్లేవనే సారే పంపిండంటే నిజమే ఉంటదని ఊళ్ళన్నీ నమ్మినయ్."

"సరోజకని పంపింది గ్రూపులోకి పోయిందన్నమాట! మరి తాతల కాలం నుంచి అన్నావు?"

"గట్ల చెప్తేనే మీరు ఇంటరని..."

కాలు మండుతోంది. తర్కంతో వాగు దాటే సమయం లేదు. చేతులు కట్టుకుని నా నియమానికి నేనే లొంగిపోయాను. "సరే, ఇస్తా" అని నెత్తి మీద చెయ్యి పెట్టాను. నున్నటి రాయి తగిలింది. యాకూబ్ కూడా టార్చి వేసి వెతికాడు. లేదు. నా చెవుల్లో సరోజ ప్రశ్న మోగింది.

"మీసం!" అని అరిచాను. "వెంట్రుక అని ఉంది, నెత్తిదే అని ఎక్కడుంది?"

"ఉన్నదా రూల్ల?"

"రూలు నాదేనయ్యా!"

ఆ తొందరలో వెంట్రుక ఒక్కటే రాలేదు, కుడివైపు సగం మీసం కుచ్చుగా ఊడొచ్చింది. ఏడుస్తూ నీళ్ళలో వదిలి అమ్మ పేరు చెప్పాను. ఆటో గాలిలో ఎగిరింది.

దవాఖానాలో చాలాసేపు పడుకోబెట్టి చూసి, విషం ఎక్కలేదని, కరిచింది విషంలేని పామై ఉంటుందని డాక్టరు అన్నాడు. బయట వరండాలో యాకూబ్ ఎవరికో ఫోన్లో చెబుతున్నాడు: "సార్ ఇచ్చిండు, అందుకే బతికిండు. అవ్, కండ్లార చూసిన."

నేను బతకడమే నా ఓటమికి సాక్ష్యం అయింది!

సరోజ వచ్చి, ముందు కాలు తడిమి చూసి ఊపిరి పీల్చుకుంది. తర్వాత మీసం చూసింది. "పోనీలెండ్రి, బొక్క పూడింది" అంది.

ఆ చప్టా దగ్గర ఇప్పుడు బట్టతలవాళ్ళు మీసం వెంట్రుక ఇచ్చి దాటుతున్నారు. పుస్తకం ఇంకా అచ్చు కాలేదు గానీ, సవరించిన ముద్రణ వాగులో పారుతోంది. నేను వెళ్ళి నిజం చెప్పినప్పుడల్లా అందరూ చేతులు కట్టుకుని వింటారు. వినడం అయ్యాక వాగు వైపు వంగుతారు. మొన్న పొద్దు వాలాక అక్కడ దాటుతుంటే నా చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది. దురద పుట్టిందని యాకూబ్‌కు చెప్పాను, మీకూ అదే చెబుతున్నాను.

మిగిలిన ఎడమ మీసం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇక జన్మలో బిందెలో తల పెట్టను. పెట్టినా ఫోను బయటే ఉంచుతాను.

మీరు మాత్రం ఇప్పుడే మీ ఫోను తీయండి. ఎవరో నమ్మకస్తుడు పంపిన, గుహలోంచి వచ్చినట్టుండే గొంతు ఒకటి అందులో ఉంటుంది, వెతకండి. ఎవరికీ పంపకుండా, మళ్ళీ వినకుండా తుడిచెయ్యండి. అది నా గొంతు.