జడ్చర్లలో పడిన కొంగుముడి

మొన్న నేను ఒక్కదాన్నే కొత్తకోటకు పోయి వచ్చిన సంగతి మీరు వినే ఉంటారు. పోయింది నిజమే. కానీ దారిలో ఒక ఆడమనిషితో నాకు కొంగుముడి పడిందని మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. అది కూడా నిజమే!

మా బిడ్డ బాలమణికి ఆడపిల్ల పుట్టింది. అత్తగారిల్లు కొత్తకోట. తొట్టెల నాడు పిల్లను ఉయ్యాలలో వేయాల్సింది అమ్మమ్మనైన నేనే. సరిగ్గా అప్పుడే వాన పడింది. ఇంట్లో అందరూ విత్తనాల పనిలో మునిగిపోయారు. నాతో వచ్చే మనిషి లేదు.

"ఒక్కదానివి పోతవా? పోయినసారి యాది లేదా?" అన్నాడు కొడుకు నర్సిములు.

ఎట్లా మరుస్తాను? మరిచిపోవాల్సినవి మాత్రం మరవను కదా. పోయినసారి కొత్తకోట అనుకొని జడ్చర్లలో దిగాను. కొడుకు బడికి పోయే రోజుల్లో వాడి పలక పక్కన కూర్చొని అక్షరాలు నేర్చుకున్నదాన్ని. చదువు వచ్చిన మనిషిని, ఇది ఏ ఊరని ఇంకొకరిని అడగడమా! తీరా బస్సు ఆగిన చోట బోర్డు ఉర్దూలో ఉంది. నాకు వచ్చింది తెలుగు. దిగి, సాయంత్రం దాకా బాలమణి ఇల్లు వెతికాను. ఊరే తప్పైతే ఇల్లెట్లా దొరుకుతుంది? చివరికి నర్సిములే వచ్చి పట్టుకపోయాడు.

"ఈసారి గూడ తప్పిపోతే ఇగ గడప దాటుడు బంద్. చెప్తున్న," అన్నాడు.

మూల కూర్చున్న మా ముసలాయన "పోనియ్‌రా. తప్పిపోతే దొరుకుతది, ఎటుపోతది," అన్నాడు.

మతి మీద నమ్మకం లేక కొంగును నమ్ముకున్నాను. ముందు రాత్రే మూడు ముడులు వేసుకున్నాను. ఒకటి కొత్తకోటలో దిగడానికి. ఒకటి బాలింతకు చేసిన సొంటిపొడి బస్సులో వదలకుండా ఉండడానికి. మూడోది ఎందుకు వేసుకున్నానో పొద్దున లేచేసరికే యాదికి రాలేదు. ఏదో ముఖ్యమైనదే అయి ఉంటుందని దాన్ని ఇప్పలేదు.

షాద్‌నగర్‌లో బస్సెక్కాను. నా పక్కన ఒక ఆమె కూర్చుంది. నా వయసే. పేరు సాయమ్మ అని తర్వాత తెలిసింది. ఆమెదీ నారాయణపేట చీరే, నాదీ నారాయణపేట చీరే. రంగు కూడా ఒకటే, ఇటుకరాయి ఎరుపు. ఎక్కీ ఎక్కకముందే నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

నేను నిద్రపోతే కదా! అడుగడుగునా కొంగు తడుముకుంటున్నాను. ఒక ముడి వదులైనట్టు అనిపించింది. రెండు కొసలు పట్టుకొని, బలమంతా పెట్టి, గట్టిగా బిగించాను. ఇగ మరిచే ముచ్చటే లేదనుకున్నాను.

బస్సు ఆగింది. సాయమ్మ దిగ్గున లేచి, గంప ఎత్తుకొని పరుగెత్తింది. ఆమె వెనక నేనూ పరుగెత్తాను. నాకు దిగాలని లేదు, నా చీరకు ఉంది! ఒక కొస ఆమె కొంగైతే, ఒక కొస నాది.

"ఎవరమ్మా, నా కొంగు గుంజేది!" అని ఆమె.

"నువ్వే నన్ను గుంజుతున్నవ్, జర ఆగు!" అని నేను.

కండక్టరు కింద నిలబడి చూశాడు. "ఏమవ్వా, గీ వయసుల పెండ్లా? పుస్తె ఎవలు కట్టిన్రు?" అన్నాడు. బస్సంతా నవ్వు.

తల ఎత్తి చూద్దును కదా, మళ్ళీ అదే జడ్చర్ల!

ముడి ఇప్పుదామంటే రాదు. గట్టిగా బిగించింది నేనే కదా. సాయమ్మ పండ్లతో కొరికి, చేతికి దొరికిన ముడినల్లా ఇప్పేసింది. అన్నీ పోయాక గాని మా పెండ్లి ముడి దొరకలేదు. నా కొంగు కొత్త చీర లెక్క సాపుగా అయింది. నాకు ఏడుపొచ్చింది.

"నా మతి అంత దాంట్లనే ఉండె వదినా. ఇగ నేను ఇంటికే పోత," అన్నాను.

సాయమ్మ గంప నెత్తికెత్తుకుంటూ ఒక్క మాట అన్నది. "ముడులు పోతే పోయినయ్. నోరు పోలేదు గద వదినా? అడుగు!"

నిజమే కదా. నాకు మతిమరుపున్న సంగతి నలుగురికి తెలియకుండా దాచడానికే ఇన్నాళ్ళు ముడులు వేశాను. చెప్పేస్తే దాచేది ఏముంది?

ఇంకా ఆగి ఉన్న మా బస్సే మళ్ళీ ఎక్కి గట్టిగా చెప్పాను. "అయ్యా, నాకు మతిమరుపు. నన్ను కొత్తకోటల దించాలె. సొంటిపొడి మూట గూడ దించాలె."

అప్పటి నుంచి చూడాలి! బస్సు ఎక్కడ ఆగినా అందరూ ఒక్కసారే "ఇది కాదవ్వా!" అని అరుపు. బర్లు అడ్డమొచ్చి ఆగినా "ఇది కాదవ్వా!" కొత్తకోట రాగానే డ్రైవరు కూడా వెనక్కి తిరిగి "ఇదేనవ్వా!" అన్నాడు. మూటను ఒకరి చేతి నుంచి ఒకరు అందుకొని నా చేతికిచ్చారు.

తొట్టెల బాగా జరుగుతోంది. పిల్లను ఉయ్యాలలో వేయడానికి వంగాను. నడుము దగ్గర ఏదో గల్లుమన్నది.

"గదేందమ్మా?" అన్నది బాలమణి.

మా ఇంటి అర్ర తాళంచెవి. విత్తనాల జొన్నలన్నీ ఆ అర్రలోనే ఉన్నాయి. మూడో ముడి అప్పుడు యాదికొచ్చింది. తాళంచెవి కోడలికి ఇవ్వాలని వేసుకున్న ముడి అది!

అదే గడియకు నర్సిములు కాళ్ళకు పొలం బురదతోనే లోపలికి వచ్చాడు.

"అమ్మా! నీ తాళం గొడ్డలికి గూడ లొంగలె. నాగలి కట్టి కూసున్నం!"

వాడు ఇంకా అనబోయేవాడే. కానీ బాలమణి వాడి చెయ్యి పట్టుకొని, "మేనమామ లేకుంట తొట్టెల ఎట్లరా అనుకున్న, వచ్చినవ్!" అని పిల్లను వాడి ఒళ్ళో పెట్టింది. వాడి కోపం ఎటుపోయిందో.

ఇప్పుడు ఆ తాళంచెవిని మా ముసలాయన మొలతాడుకు కట్టాను. రోజూ పొద్దున ఇల్లంతా వెతికి, దొరకక, ఆయన్నే అడుగుతాను. ఆయన నవ్వుకుంటూ ధోవతి పక్కకు జరిపి చూపిస్తాడు. అడిగితే దొరుకుతుందని బస్సులో నేర్చుకున్నాను కదా. ఎక్కడ కట్టానో ఒక్కటే యాదికుండదు.