పసుపు రంగు మాత్ర

మా ఆవిడకు పదేళ్లుగా థైరాయిడ్ మాత్ర అలవాటు. రోజూ పరగడుపున తెల్ల మాత్ర ఒకటి వేసుకుని, కాసేపాగి టీ తాగేది. మేమిద్దరం అండమాన్‌లోని ఈ రంగత్‌లోనే పుట్టి పెరిగాం. నేను ఇక్కడి స్కూల్లో లెక్కలు చెబుతాను. మా తెలుగు చర్చిలో ఆదివారం పాట ఎత్తుకునేది ఆవిడే.

ఒక వానాకాలం సముద్రం బాగోలేక ఓడలు ఆలస్యమయ్యాయి. మెడికల్ షాపులో ఆ తెల్ల మాత్రలు అయిపోయాయి. షాపతను వేరే కంపెనీవి ఇచ్చాడు. లేత పసుపు రంగులో ఉన్నాయి. మందు అదే, డోసు అదే అన్నాడు.

నాలుగో రోజుకి ఆవిడ మెడ మీద, చేతుల మీద దద్దుర్లు లేచాయి. పెదవి వాచింది.

"ఈ మాత్ర నాకు పడటం లేదండీ" అంది.

నేను కొత్త స్ట్రిప్పు, పాత స్ట్రిప్పు పక్కపక్కన పెట్టి చూశాను. మందు పేరు ఒకటే, అంకె ఒకటే. పదేళ్లు పడిన మందు ఇప్పుడెందుకు పడదని అడిగాను. మేం చూపించుకున్న డాక్టరు కూడా అదే మాటన్నారు. కొన్నాళ్లు చేపలు మానమని, దురదకు మందు రాసిచ్చారు. ఆవిడ ఇంకోసారి చెప్పబోయింది. నేను విసుక్కున్నాను. ఆ తర్వాత చెప్పలేదు. దద్దుర్లు తగ్గిపోయాయి. చేపల వల్లే వచ్చాయనుకుని ఊరుకున్నాను.

మూడు నెలలు గడిచాయి. ఆవిడ ముఖం ఉబ్బింది. మిట్టమధ్యాహ్నం ఉక్కలో కూడా చలేస్తోందని శాలువా కప్పుకునేది. కూర తరుగుతూ తరుగుతూ కునికేది. వయసు మీద పడుతోందిలే అనుకున్నాను. ఒక ఆదివారం పాట ఎత్తుకుని రెండో చరణం దగ్గర ఆగిపోయింది. గొంతు మొద్దుగా, మగ గొంతులా వచ్చింది. మళ్లీ అందుకుంటుందేమోనని అందరూ ఆగారు. ఆవిడ పుస్తకం మూసి కూర్చుంది. వెనక నుంచి ఎవరో పాట పూర్తి చేశారు.

ఇంటికొచ్చాక బియ్యం డబ్బా వెనక నుంచి పసుపు మాత్రలు తీసి నా ముందు పెట్టింది. మొదటి స్ట్రిప్పులో నాలుగైదు తప్ప అన్నీ అలాగే ఉన్నాయి. మానేసినట్టు ఒక మాట చెప్పకూడదా అన్నాను.

"ఎవరికి చెప్పను? మీకే చెప్పాను కదా" అంది. కోపంగా కూడా అనలేదు.

మర్నాడే బస్సెక్కి పోర్ట్ బ్లెయిర్ వెళ్లాం. అక్కడి లేడీ డాక్టర్, మా ఆవిడ చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నారు. రెండు స్ట్రిప్పులూ తిప్పి చూశారు. పసుపుదాని వెనక, అన్నిటికంటే కింద, చీమల్లాంటి అక్షరాల్లో మాత్రకు కలిపిన రంగు పేరుంది. పాతదాని మీద లేదు.

"దవా సే నహీ దీదీ, రంగ్ సే హో రహా హోగా" అన్నారు.

మందు మంచిదే, రంగు పడలేదు. ఆ మాట విని మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆవిడ వైపు చూడలేకపోయాను. పిల్లలు లెక్కలో చివరి లైను చదవలేదని ఇన్నేళ్లూ మందలించినవాణ్ణి, ఆ చివరి లైను చదవలేదు. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే గుండె మీదికి వచ్చేదని డాక్టర్ చెప్పారు.

మా పాత కంపెనీది అక్కడా లేదు గానీ, రంగు లేని తెల్ల మాత్ర, తక్కువ డోసుది దొరికింది. కొద్దికొద్దిగా పెంచుకుంటూ రోజుకు రెండింటి దాకా వెళ్లమన్నారు. దద్దుర్లు రాలేదు. వాపు తగ్గింది. ఆ రంగు పేరు హిందీలో, ఇంగ్లీషులో రాసి ఆవిడ పర్సులో పెట్టాను. జ్వరం సిరప్పుల్లో, బలం గోళీల్లో, చివరికి మిఠాయిల్లో కూడా అది కనిపిస్తూనే ఉంది. గొంతు తిరిగొచ్చింది గానీ మునుపటిలా పైకి వెళ్లదు. పాట ఇప్పుడు వేరే ఆవిడ ఎత్తుకుంటుంది. మా ఆవిడ రెండో వరుసలో కూర్చుని గొంతు కలుపుతుంది.

మొన్న ఒక దగ్గు మందు తాగి, నాలుక మండుతోందంది. సీసా మీద రాసిందంతా రెండుసార్లు చదివాను. ఆ రంగు పేరు లేదు. అయినా మూత బిగించి తీసి పక్కన పెట్టేశాను. వేడినీళ్లు కాచి ఇచ్చాను.