బరాత్ గుర్రం మీద యుద్ధం

ఆ రోజుల్లో ఫిల్మ్‌నగర్‌లో 'రాదు' అన్నవాడికి వేషం దొరికేది కాదు. ఈత వచ్చా అంటే వచ్చు సార్, తబలా వచ్చా అంటే వచ్చు సార్, మలయాళం వచ్చా అన్నా వచ్చు సారే. ముందు వేషం చేతికొస్తే మిగతా సంగతి తరవాత చూసుకోవచ్చన్నది మా ధైర్యం. రాజుల కాలం నాటి సినిమాకు గుర్రమెక్కే సైనికులు కావాలని తెలిసి, కాస్ట్యూమ్స్‌లో పనిచేసే మా బాబాయి నన్ను వెంటబెట్టుకుని జూబ్లీహిల్స్‌లోని ఆ సినిమావాళ్ల ఆఫీసుకు తీసుకెళ్లాడు. "మావాడికి గుర్రం బాగా వచ్చండీ, చిన్నప్పట్నుంచీ అదే పని," అన్నాడు మేనేజరుగారితో. (ఎనిమిదో ఏట విశాఖ బీచిలో ఒక్కసారి ఎక్కాను. కళ్లెం గుర్రంవాడి చేతిలో ఉంది, నా చేతిలో మొక్కజొన్నపొత్తు ఉంది.) దరఖాస్తులో 'గుర్రపుస్వారీ అనుభవం' అన్న గడిలో 'కలదు' అని నేనే రాశాను. కింద హామీ సంతకం బాబాయి పెట్టాడు. ఇరవై ఏళ్లుగా ఆ లైన్లో మాట పోగొట్టుకోని మనిషి ఆయన.

నాకిచ్చిన గుర్రం రాణి. తెల్లటి ఆడగుర్రం. దాని యజమాని రహమత్ నగర్ మనిషి, అందరూ చిచ్చా అనేవారు. మొదటిరోజు ఊరికే ఎక్కి కూర్చోవడమే పని. రాణి ఎంత కుదురుగా నిలబడిందంటే, గుర్రపుస్వారీ నాకు పుట్టుకతోనే వచ్చిందేమో, ఇన్నాళ్లూ తెలుసుకోలేదేమోనని కూడా అనుకున్నాను. రెండోరోజు మా మొహాల్లో వీరావేశం చాల్లేదని దర్శకుడు డప్పులవాళ్లను పిలిపించాడు. దరువు మొదలైంది. గుర్రాలన్నీ యుద్ధానికి కదిలాయి, మాది తప్ప. రాణి ముందుకాళ్లు ఎత్తింది, దించింది, నడుం ఊపింది, మళ్లీ ఎత్తింది. మూడో దరువుకల్లా నేను ఈటెతో సహా నేలమీదున్నాను. కుడి మోచెయ్యి విరిగింది. అప్పటికి శత్రుసైన్యం మేకప్ కూడా పూర్తికాలేదు.

ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వెయ్యాలనీ, లేకపోతే చెయ్యి వంకరగా అతుక్కుంటుందనీ డాక్టరు చెప్పాడు. ఖర్చు వినగానే బాగున్న చెయ్యి కూడా లాగడం మొదలుపెట్టింది. "పనిలో తగిలిన దెబ్బ, నష్టపరిహారం అడుగు. అది నీ హక్కు," అన్నాడు యూనియన్ పెద్దాయన. బాబాయి మొహం పాలిపోయింది. అడిగితే విచారిస్తారు, విచారిస్తే ఆ దరఖాస్తు బయటికి తీస్తారు. నా యూనియన్ కార్డు పోతుంది, దాంతోపాటు బాబాయి ఇరవై ఏళ్ల మాటా పోతుంది. అడక్కపోతే చెయ్యి పోతుంది. రెండు రోజులు ఇద్దరం అన్నం సహించక తిరిగి, చివరికి చెయ్యి మెడకు వేలాడేసుకుని ఆఫీసుకు వెళ్లాం.

మేనేజరుగారు నిజానికి మంచిమనిషి. చిచ్చాను కూడా పిలిపించి, "ఎవరి తప్పూ లేదు. గుర్రం బెదిరింది, కుర్రాడు పడ్డాడు. అలా రాసేద్దాం," అన్నారు. బాబాయి ఊపిరి పీల్చుకున్నాడు. నేను దేవుళ్లందరికీ మొక్కుకుంటున్నాను. అంతలో చిచ్చా కుర్చీలోంచి లేచాడు.

"నా రాణి బెదర్లే సార్! గది ఆడింది! బరాత్ గుర్రం సార్, డప్పు ఇంటే ఆడుడే దాని పని. బెదిరిందని రాస్తే రేపు దాని మీద పెండ్లికొడుకును ఎవడు కూసుండబెడ్తడు?"

"పెళ్లి గుర్రమా? యుద్ధాలు చేసిన గుర్రమని నువ్వే చెప్పావు కదయ్యా?"

"చెప్పిన సార్. కిరాయికి ఆశపడి అబద్ధం చెప్పిన. నన్నేమన్నా అనుండ్రి. దానికి మాత్రం పిరికిదని పేరు పెట్టకుండ్రి."

ఒక మనిషి తన గుర్రం పరువు కోసం నిజం చెప్పేశాడు. నేనేమో బాబాయి సంతకం చాటున దాక్కుని కూర్చున్నాను. సిగ్గేసింది. "సార్, నాకు గుర్రం రాదు," అనేశాను. బాబాయి కళ్లు మూసుకుని, "నాకు తెలిసే సంతకం పెట్టానండీ," అన్నాడు.

మేనేజరుగారు మా ముగ్గురినీ మార్చి మార్చి చూసి, పడీ పడీ నవ్వారు. "ఆడే గుర్రం మీద స్వారీ వచ్చినవాడు మాత్రం ఎంతసేపు ఆగుతాడు? డప్పులు కొట్టమన్నది మేం. ముందోసారి కొట్టి చూసుకోవాల్సిందీ మేమే," అంటూ ఆపరేషన్ ఖర్చూ, రెండు నెలల భత్యమూ రాసి సంతకం పెట్టారు. బాబాయి వైపు తిరిగి, "ఇకమీదట మీవాణ్ణి కాల్బలంలో నిలబెట్టు," అన్నారు. కార్డు నిలిచింది, మాట నిలిచింది, చెయ్యి నిలిచింది. బయటికొచ్చి ఎడంచేత్తో తాగిన ఆ చాయ్ రుచి మళ్లీ నాకు ఎక్కడా దొరకలేదు.

నాలుగేళ్ల తరవాత నా పెళ్లికి అత్తవారు బరాత్ పెట్టారు. "మావాడికి గుర్రం బాగా వచ్చండీ, సినిమాలో కూడా చేశాడు," అని బాబాయే చెప్పాడట! మంటపం బయట రాణి, పక్కనే చిచ్చా. డప్పు మోగింది. నా ప్రాణం మోచేతిలోకి వచ్చింది. చిచ్చా కళ్లెం పట్టుకుని నవ్వాడు. "ఫికర్ జెయ్యకు బేటా. గియ్యాల దాని పని గిదే."

ఆ ఫొటో శ్రీనగర్ కాలనీలోని మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. అందరూ కెమెరాకేసి చూస్తుంటే నేను కళ్లు మూసుకుని, రెండు చేతులా రాణి జూలు పట్టుకుని ఉంటాను. మా అమ్మాయి దాన్ని చూసినప్పుడల్లా, "నాన్నా, నీకు గుర్రం వచ్చా?" అని అడుగుతుంది. "రాదమ్మా," అంటాను. ఆ చిన్నమాట అనడం ఇప్పుడెంత తేలికో! అప్పుడు దానికి ఒక మోచెయ్యి ఇచ్చుకోవాల్సి వచ్చింది.