మూడు బోర్డులకు ఒకే మేలుకొలుపు

రేడియో చాచా పోయారని మొన్న ఆదోని నుంచి ఆయన కోడలు ఫోన్ చేసింది. మధ్యాహ్నం నమాజుకని లేచి, మళ్ళీ కూర్చున్నారట, అంతే. మా వీధిలో రేడియోలు బాగుచేసుకునే ఆ మనిషి లేకపోతే నేను పంతులమ్మగా నిలబడేదాన్ని కాదు. ఈ మాట ఆయనకు ఎన్నడూ సరిగ్గా చెప్పలేదు. అందుకే ఇక్కడ చెప్పుకుంటున్నాను.

ఎనభైల నాటి సంగతి. ఒక చిన్న శిక్షణ కేంద్రం తరఫున ఆదోనిలో మూడు రోజులు, ఎమ్మిగనూరులో మూడు రోజులు కంప్యూటర్ పాఠం చెప్పేదాన్ని. కంప్యూటరంటే తెరా గిరా ఏమీ లేదు. పుస్తకమంత పచ్చటి బోర్డు, దాని మీద కొన్ని మీటలు, ఎర్రగా వెలిగే అంకెలు. అలాంటివి మూడే ఉన్నాయి, మూడూ మూడు కంపెనీలవి. కరెంటు రాగానే బోర్డును నిద్రలేపే చిన్న ప్రోగ్రాం ఒకటి దాని చిప్పులో ఉంటుంది. దాన్ని ఏ కంపెనీ వాళ్ళు ఆ కంపెనీ పద్ధతిలో రాశారు. ఒకదానికి ముందు ఈ మీట నొక్కాలి, ఇంకోదానికి ఆ మీట. ఒకదాని మీద నేర్చుకున్న పిల్ల ఇంకోదాని ముందు నోరు వెళ్ళబెట్టేది.

వేసవిలో పరీక్ష అన్నారు. మూడు బోర్డులూ ఎమ్మిగనూరులో ఒకే గదిలో పెడతారు, ఎవరికి ఏది వస్తే దాని మీదే చెయ్యాలి. పిల్లలు పరీక్ష తప్పితే క్లాసు ఎత్తేస్తామని కూడా చెప్పారు. నేను ఏడుపు ముఖంతో చాచా కొట్టు మెట్ల మీద కూలబడ్డాను.

ఆయన బోర్డును అటూ ఇటూ తిప్పి చూశారు. "రేడియో ఏ కంపెనీదైనా మీట తిప్పితే పలుకుతాది గదమ్మా. దీనికేమొచ్చింది రోగం? పిల్లోళ్ళు మూడు రకాలు యాడ నేర్చుకుంటారు? మూడింటికీ ఒకే మేలుకొలుపు రాద్దాం పట్టు."

పట్టు అనడం తేలికే. రెండు నెలలు పట్టింది. ఇంగ్లీషు పుస్తకం నేను చదివేదాన్ని, ఏ తీగ ఎక్కడికి పోతుందో ఆయన చెప్పేవారు. తప్పు దొరికితే ఆయనకు పండగ. "దొరికినాడు దొంగ!" అని బీడీ వెలిగించేవారు. నాకేమో ఒళ్ళు మండేది. మూడింటికీ పనికొచ్చే కొత్త మీటల వరసను కాగితం మీద గీసి పిల్లలందరికీ ముందే నేర్పాను.

చిప్పులో పాత రాత చెరపాలంటే దాని పైనున్న గాజు బిళ్ళ మీద ప్రత్యేకమైన దీపం వెలుగు పడాలి. ఆ దీపం మా దగ్గర లేదు. "ఆదోని ఎండుండగా దీపమెందుకు?" అని చాచా మూడు చిప్పులనూ మిద్దె మీద, ఆయన భార్య చాచీ ఆరబోసిన మిరపకాయల పక్కన పెట్టారు. వారం తర్వాత బళ్ళారిలో తెలిసినవాళ్ళ దగ్గర, చిప్పుల్లో రాత చదివి కొత్తది రాసే మిషన్‌లో పెట్టి చూస్తే పాత రాత సగం అలాగే ఉంది. పరీక్ష పది రోజుల్లోకి వచ్చేసింది.

ఇంటికొచ్చి ఆరా తీస్తే తెలిసింది. మిరపకాయలు తిరగేసినప్పుడల్లా చాచీ చిప్పులను కూడా తిరగేసింది. సగం రోజులు గాజు బిళ్ళలు నేల చూపులే చూశాయి.

"ఒక పక్కే ఎండితే బూజు పడతాదనుకొంటి" అంది చాచీ బిక్కమొహంతో.

నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. చాచా మాత్రం పడీపడీ నవ్వారు. "నీ తప్పు గాదు లే. ఎట్ల పెట్టల్లనో నేను సెప్పల్ల గదా, సెప్పకపోతి" అన్నారు. ఆ మర్యాద నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ తర్వాత వారమంతా చాచీ గొడుగేసుకుని వాటి పక్కనే కూర్చుంది, కాకిని కూడా వాలనివ్వలేదు.

పరీక్షకు ముందురోజు కొత్త రాతతో చిప్పులు బళ్ళారి నుంచి తిరిగొచ్చాయి. తెల్లారి మొదటి బస్సుకు చాచా నాతో ఎమ్మిగనూరు వచ్చి, వాటిని బోర్డుల్లో గుచ్చారు. పనిచేయకపోతే వెనక్కి పోదామన్నా పాత రాత లేదు.

పరీక్ష గదిలోకి ఆయన్ను రానివ్వలేదు. వరండాలో కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డారు. మొదట గోనెగండ్ల నుంచి వచ్చే కూలివాళ్ళ అమ్మాయిని పిలిచారు. ఆమెకు ఎన్నడూ చూడని బోర్డు వచ్చింది. ఆ పిల్ల నావైపు చూడలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. స్విచ్ వేసి, తనకు తెలిసిన మీటే నొక్కింది. అంకెలు ఎర్రగా వెలిగాయి.

ఆ రోజు పిల్లలంతా గట్టెక్కారు, క్లాసు నిలబడింది. ఆ పిల్ల ఒక్కో మీటా నొక్కుతుంటే, కిటికీ అవతల ఊచ మీద చాచా వేలు కూడా మెల్లగా ఆడుతూ ఉండింది.