ముళ్ళు తీసిన మాంసం

ఆ రోజుల్లో నాకు తెలిసిన నీచు తిండంతా దాదాపు సముద్రంలోంచి వచ్చిందే. గిలకలదిండిలో పుట్టి, అమ్మ చేపల తట్ట పక్కన పెరిగినదాన్ని. మొప్ప ఎత్తి చూస్తే చాలు, చేప నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పేసేదాన్ని. ఆ గర్వం కాస్త ఎక్కువగానే ఉండేది (ఇప్పుడూ తగ్గలేదంటారు మా ఆయన). ఆయనది నందివాడ దగ్గర వ్యవసాయ కుటుంబం. గుడివాడలో ఇద్దరం ఒకే ల్యాబ్‌లో పనిచేస్తూ, పెద్దల్ని అడిగి, కాదనిపించుకుని, రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నాం. ఆ తరవాత ఏడాదిపాటు అత్తగారు మా గడప తొక్కలేదు. ఎవరైనా నా పేరెత్తితే లేచి వెళ్ళిపోయేవారట. పైకి నవ్వుతూ తిరిగేదాన్ని గానీ, ఆ మాట విన్నప్పుడల్లా అన్నం సహించేది కాదు.

అలాంటిది ఒక శనివారం ఆవిడే ఫోను చేసి, "రేపు భోజనానికొస్తున్నా" అని కొడుక్కి చెప్పి పెట్టేశారు. ఆయన ఫోను పక్కన పెట్టి, "అమ్మకి చేపల వాసన పడదు. మాంసం వండు" అన్నారు. నేను ఎన్నడూ మాంసం కొన్నదాన్ని కాను. మా ఇంట్లో ఏ పండక్కో నాన్న తెచ్చేవాడు, అమ్మ వండేది, తినడం వరకే నా పని. "మీకు కొనడం తెలుసా?" అని అడిగితే, "అవన్నీ అమ్మే చూసుకుంటుంది" అన్నారు. ఆయన్ని అడగడం నా బుద్ధి తక్కువ.

పొద్దున్నే దుకాణానికి వెళ్ళి, అలవాటు కొద్దీ పక్కన పెట్టిన మేక తలకాయ కళ్ళలోకి వంగి చూశాను. కళ్ళు తేటగా ఉంటే సరుకు తాజాదని మా లెక్క. కొట్టే భాయ్ కత్తి ఆపి, "అది మిమ్మల్ని గుర్తుపట్టదమ్మా. ఏ ముక్క కావాలి? తొడా, జబ్బా, పక్కటెముకలా?" అన్నాడు. వెనకున్నవాళ్ళు నవ్వారు. నేను తగ్గుతానా? "మా అత్తగారొస్తున్నారు. మంచి ముక్క ఇవ్వండి" అన్నాను. "అయితే జబ్బ కొంచెం, మెడ కొంచెం వేసి, రెండు మూలుగ ఎముకలు కొడతాను." "ఎముకలా! ఒక్కటి కూడా వద్దు." అతను నన్ను జాలిగా చూసి, తొడలోంచి ఎముక తీసేసి వట్టి కండ కోసిచ్చాడు. నా ఉద్దేశం నాది. చుట్టాలొస్తే మా నాన్నమ్మ చేప ముళ్ళన్నీ తనే ఏరి, కండ మాత్రం వాళ్ళ కంచంలో పెట్టేది. అంతకు మించిన మర్యాద మా ఇళ్ళలో లేదు.

వంట కూడా అంతే శ్రద్ధగా చేశాను. చింతపండు పులుసు మరిగించి ముక్కలు వేసి, గరిటె పెడితే చితికిపోతాయని గిన్నెను గుడ్డతో పట్టుకుని భక్తిగా కుదిపాను. ఎక్కువ ఉడికితే విడిపోతాయని తొందరగా దించేశాను కూడా.

అత్తగారు వచ్చారు. నాతో ఒక్క మాటా నేరుగా అనలేదు. నేను గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడి ఉండగా, "ఒరేయ్, ఆ అమ్మాయిని మంచినీళ్ళు తెమ్మను" అనేవారు. కూర వడ్డించాను. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని నమిలారు. ఇంకా నమిలారు. మా ఆయనా నమిలారు. చివరికి నీళ్ళతో మింగి, వేళ్ళతో కూరంతా కెలికి చూశారు. మూలుగ ఎముక ఇంటికి పెద్దవాళ్ళ కంచంలోనే పడాలన్నది వాళ్ళింటి ఆచారమని నాకేం తెలుసు? "ఎముకలేవిరా? మంచివన్నీ పుట్టింటికి పంపించేసిందా?" అన్నారు కొడుకుతో.

ఇంక ఈ జన్మకి ఈ గడప తొక్కరనుకున్నాను. "లేదండీ... మీకు ముళ్ళు గుచ్చుకుంటాయని తీయించేశానండీ" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

మా ఆయన తల పట్టుకున్నారు. అత్తగారు మొదటిసారి నా మొహంలోకి చూశారు. "మాంసానికి ముళ్ళేంటే, పిచ్చిదానా?"

"మా నాన్నమ్మ ఎవరొచ్చినా ముళ్ళు తీసే పెట్టేదండీ."

ఆవిడ కంచం నా వైపు జరిపి, "ఇంకో రెండు ముక్కలు వెయ్యి. దవడలు పోతే పోయాయి" అన్నారు. ఆ రెండూ మొండిగా నమిలి మింగి, చెయ్యి కడుక్కుంటూ, "ఇంట్లో కుక్కరు లేదటే?" అని అడిగారు. ఉందని చెప్పడానికి సిగ్గేసింది.

ఇప్పుడు నేను దుకాణంలో అడుగుపెడితే భాయ్ అడగకుండానే జబ్బా, మెడా, మూలుగా కొడతాడు. మొన్న ఆదివారం అత్తగారొచ్చారు. పళ్ళు చాలావరకు పోయాయి. "ముళ్ళు తీసి పెట్టవే" అన్నారు. పక్కన కూర్చుని ఎముకల నుంచి కండ విడదీసి పెట్టాను. ఆవిడ తన కంచంలో వేసిన మూలుగ ఎముకను అంచుకేసి తట్టి, జారిన మూలుగను నా అన్నంలో వేశారు. నేను వద్దంటే, "తినవే, పెద్దదానివయ్యావుగా" అన్నారు.

మేక కళ్ళలోకి వంగి చూసిన ఆ పిల్ల నాకు ఇవాళ దుకాణంలో ఎదురైతే, ఎముకలు కూడా వేయించుకోమని చెప్పాలా అని ఆలోచించాను. చెప్పను. నవ్వుకుని, పక్కకు తప్పుకుంటాను.