అయిందా, కాలేదా

జనవరిలో ఒక మంగళవారం పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీకుతుంటే అంకుల్ ఫోన్ చేశారు. "మీ మేడం వెళ్ళిపోయిందయ్యా. ఆరింటికి. ప్రభువు పిలుచుకున్నాడు" అన్నారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. "వస్తున్నా అంకుల్" అని పెట్టేసి, సగం గీకిన అద్దంతోనే కారు తీశాను. మిషిగన్‌లో మేముండే ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి వాళ్ళింటికి ఇరవై నిమిషాలు. దారి పొడుగునా ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆవిడ నాకు అప్పజెప్పిన పని ఒకటి ఇంకా మిగిలే ఉంది.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. ఆవిడ గురించి మంచి రాయడానికి నేను కష్టపడక్కర్లేదు. కానీ నా గురించి చెడు రాయకుండా ఆవిడ గురించి రాయడం కుదరదు. అదీ చిక్కు.

ఆవిడ ఇక్కడి ఒక యూనివర్సిటీ లైబ్రరీలో లైబ్రేరియన్. బాపట్ల దగ్గర పుట్టి, పెళ్ళయ్యాక వచ్చి, ఇక్కడే మళ్ళీ చదువుకుని ఉద్యోగంలో చేరారు. అంకుల్ ఆవిడ భర్త, కార్ల విడిభాగాల కంపెనీలో చేసి రిటైరయ్యారు. లైబ్రరీ వెబ్‌సైట్ మొత్తం కొత్తగా కట్టాలని ఆ ప్రాజెక్ట్ ఆవిడకి అప్పగించినప్పుడు, పేజీలు తయారుచేసే పనికి నన్ను తీసుకున్నారు. "ఇక్కడ అందరం పేరు పెట్టి పిలుచుకుంటాం, నువ్వూ పిలువు" అన్నారు మొదటి రోజు. నా నోరు తిరగలేదు. నాకు ఆఖరిదాకా మేడమే.

పాత వెబ్‌సైట్‌ని చూస్తే తల తిరిగేది. లైబ్రరీలో ఎన్ని డిపార్ట్‌మెంట్లున్నాయో అన్నీ మొదటి పేజీలో తమ పేరే పైన ఉండాలని పట్టుబట్టి, ఏళ్ళ తరబడి లింకు మీద లింకు వేసుకుంటూ పోయాయి. స్టూడెంట్‌కి కావాల్సిన పుస్తకం తప్ప అన్నీ దొరికేవి. మేడం మొదట కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. ప్రాజెక్ట్ ఏం చేస్తుంది, ఏం చేయదు, ఎవరి మాట ఎక్కడ చెల్లుతుంది అని రెండు పేజీలు రాసి డైరెక్టర్‌తో సంతకం పెట్టించారు. తర్వాత పారేయడానికి పెట్టిన పాత క్యాటలాగ్ కార్డులు ఒక డబ్బా తెచ్చి, వాటి వెనకవైపు ఒక్కో పేజీ పేరు రాసి, కాంటీన్‌లో స్టూడెంట్స్ ముందు పరిచారు. "మీకు ఏది దేని పక్కనుంటే బాగుంటుందో పేర్చండి" అన్నారు. వాళ్ళు పేర్చినట్టే మెనూ వచ్చింది. ఏ డిపార్ట్‌మెంట్ హెడ్ గొడవకి వచ్చినా ఆ కార్డుల ఫోటో చూపించేవారు. గొడవ అక్కడితో ఆగేది.

బేగెల్ రొట్టె మీద క్రీమ్ చీజ్ రాసి, దాని మీద కారప్పొడి చల్లుకుని తినేవారు. మీటింగ్ ఏదైనా ఇరవై అయిదు నిమిషాల్లో ముగించేవారు. "అరగంట దాటితే అది మీటింగ్ కాదు, కాలక్షేపం" అనేవారు. గోడ మీద పెద్ద చార్ట్, అందులో ప్రతి పనికీ ఒక పట్టీ. పట్టీ రంగులు రెండే. అయితే ఆకుపచ్చ, కాకపోతే తెలుపు. మొదటి నెలలో ఏదో పని గురించి అడిగితే "అయిపోయినట్టే మేడం" అన్నాను. ఆవిడ పెన్ను మూత పెట్టేసి, తెలుగులో, మెల్లగా అన్నారు: "మన తెలుగువాళ్ళకే ఉంది ఈ మాట. అయిపోయినట్టే అంటే కాలేదని. అమెరికన్లకి ఇది తెలియదు కాబట్టి నమ్ముతారు. నాకు తెలుసు. నా దగ్గర రెండే. అయిందా, కాలేదా?" "కాలేదు" అన్నాను. "చూశావా, చావలేదుగా" అని నవ్వారు. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య ఆ మాట బంద్.

ప్రాజెక్ట్‌లో నా పనుల్లో ఒకటి పాత లింకులు. కొత్త సైట్‌లో పేజీల చిరునామాలన్నీ మారిపోతాయి. కానీ ప్రొఫెసర్లు తమ క్లాసుల పాఠాలకి పాత చిరునామాలే ఇచ్చి ఉన్నారు. వాటిని నొక్కితే కొత్త పేజీకి వెళ్ళేలా ఒక్కొక్కటీ కలపాలి. అక్షర క్రమంలో పెద్ద లిస్టు, వేలల్లో ఉన్నాయి. ఆ పని చేశానని ఎవరూ గమనించరు, చేయకపోతేనే గమనిస్తారు. నేనేమో మొదటి పేజీలో తిరిగే బొమ్మల మీద పడ్డాను. డైరెక్టర్ వాటిని చూసి ముచ్చటపడ్డాడు మరి. ఆటో కంపెనీలు కుదేలై మిషిగన్‌లో ఇంటికొకరు ఉద్యోగం పోగొట్టుకుంటున్న ఏడాది అది. నా హెచ్-వన్ వీసా ఎక్స్‌టెన్షన్ కాగితాలు డైరెక్టర్ బల్ల మీదే ఉన్నాయి.

సోమవారం సైట్ మొదలవుతుందనగా శుక్రవారం మేడం కారిడార్‌లో ఆపి అడిగారు. "పాత లింకుల పని అయిందా?"

'అయిపోయినట్టే' అని నాలిక చివరిదాకా వచ్చింది. ఆ మాట అనకూడదు. 'కాలేదు' అంటే మొత్తం వాయిదా పడుతుంది, ఎవరి వల్ల అని డైరెక్టర్ అడుగుతాడు. శని, ఆదివారాలు కూర్చుని లాగించేద్దామనుకున్నాను.

"అయింది మేడం" అన్నాను.

ఆవిడ వెళ్ళి పట్టీకి ఆకుపచ్చ రంగు వేశారు. శనివారం ఇంటికి ఫ్రెండ్స్ వచ్చారు. ఆదివారం కూర్చున్నాను, పూర్తి కాలేదు. ఏం కాదులే అనుకున్నాను. సిగ్గుతో రాస్తున్నాను, నిజంగా అలాగే అనుకున్నాను.

క్లాసులు మొదలైన మొదటి వారం. నర్సింగ్ వాళ్ళ పాఠాల లింకులు ఒక్కటీ తెరుచుకోలేదు. వాళ్ళ ప్రొఫెసర్లు డీన్‌కి రాశారు, డీన్ పైకి రాశాడు. అన్నీ కలిపి సరిచేసేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తర్వాత, ప్రాజెక్ట్‌లో ఏం నేర్చుకున్నాం అని చివర్లో పెట్టే మీటింగ్ జరిగింది. డైరెక్టర్ కూడా వచ్చి కూర్చున్నాడు. ఏం జరిగిందో ఎవరైనా చెప్పొచ్చు, తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికి అని మేడం మొదలుపెట్టారు. ఎవరెవరో ఏవేవో అన్నారు. నేను నోట్‌బుక్‌లో గీతలు గీస్తూ కూర్చున్నాను. ఎప్పుడూ ఇరవై అయిదు నిమిషాల్లో ముగించే మనిషి, ఆ రోజు గంట నిండేదాకా లేవలేదు. చివరికి తనే బోర్డు మీద రాశారు: పని అయిందన్న మాటని ప్రాజెక్ట్ మేనేజర్ పరీక్షించి చూడకుండా ఒప్పుకుంది. ప్రాజెక్ట్ మేనేజర్ అంటే తనే. అబద్ధం కాదు అది. అసలు నిజమూ కాదు.

నెల తిరక్కుండా ఆవిడని ఊరి బయట పాత పుస్తకాలు దాచే గోడౌన్‌కి మార్చారు. కిటికీల్లేని బిల్డింగ్. బస్సు వెళ్ళదు, ఆవిడకి హైవే మీద డ్రైవింగ్ భయం. అంకుల్ రోజూ దింపి, సాయంత్రం తెచ్చుకునేవారు. నా హెచ్-వన్ వచ్చింది. ఆవిడ కుర్చీ కూడా మెల్లగా నాకే వచ్చింది.

ఆవిడ మాట్లాడటం మానలేదు. అదే నాకు కష్టంగా ఉండేది. వాళ్ళ తెలుగు చర్చి క్రిస్మస్ భోజనాలకి నన్ను పిలిచేవారు. ఒకసారి బంతిలో పదిమంది ముందు అంకుల్ నవ్వుతూ అన్నారు: "రెండు ఎమ్మేలు చదివింది. పని అయిందో లేదో చూసుకోవడం రాలేదు. దెబ్బకి గోడౌన్‌లో పడింది. నేను డ్రైవర్నయ్యాను!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మేడం నా ప్లేటులో ఇంకో గరిటె గోంగూర మటన్ వేసి, "తిను, చల్లారిపోతుంది" అన్నారు.

మొన్న నవంబర్‌లో క్యాన్సర్ ముదిరిపోయిందని, ఇక మందులు ఆపేశారని తెలిసి వెళ్ళాను. హాల్లో హాస్పిటల్ మంచం వేశారు. అంకుల్ వంటింట్లో మిక్సీలో జావ తిప్పుతున్నారు. ఆ చప్పుడు చాటున చెప్పేశాను.

"మేడం, ఆ పాత లింకులు నేను పూర్తి చేయలేదు. అయిందని అబద్ధం చెప్పాను."

ఆవిడ కళ్ళు తెరవలేదు. "తెలుసు. లింకులు తెరుచుకోలేదన్న రోజే ఫైల్ తెరిచి చూశాను. 'ఎం' అక్షరం దాకా చేసి ఆపేశావు."

"మరి మీటింగ్‌లో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావేమోనని చూశాను. గంటసేపు చూశాను."

"కోపం రాలేదా మేడం?"

"ఎందుకు రాలేదు? రెండేళ్ళు ఉంది. ప్రార్థనలో కూర్చున్నా నువ్వే గుర్తొచ్చేవాడివి."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఓపిక లేదు నాయనా."

క్షమించండి అన్నాను. ఆవిడ కాసేపు ఊపిరి తీసుకుని అన్నారు: "నాకు చెప్పి ఏం లాభం, నాకు తెలిసిందే కదా. తెలియనివాళ్ళకి చెప్పు." కళ్ళు తెరిచి వంటింటివైపు చూశారు. "ఇప్పుడే వద్దు. ఇప్పుడు చెప్తే ఆయన ఏడుస్తూ కూర్చుంటారు, నన్ను చూసుకునేవాళ్ళుండరు. ముందు ఇది అవనీ." చావుని కూడా చార్ట్‌లో ముందు వరసలో పెట్టి, నా పని దాని తర్వాత పెట్టారు.

ఆ పనే మిగిలింది. పోయిన రోజు ఇంటి నిండా జనం, చెప్పలేకపోయాను. సమాధి దగ్గర చెప్పలేకపోయాను. రెండు వారాల తర్వాత లైబ్రరీ వాళ్ళు మూడో అంతస్తు హాల్లో సంతాప సభ పెట్టారు. బల్ల మీద ఆవిడ ఫోటో, ముందు వరసలో అంకుల్. ముందుగా ఆయనకి విడిగా చెప్పి ఉండాల్సింది. అదీ చేయలేదు. లేచి నిలబడి, ఇంగ్లీషులో, ఏం జరిగిందో మొత్తం చెప్పాను. ఆ తప్పు ఆవిడది కాదు, నాది అన్నాను.

ఎవరిలోనూ చలనం లేదు. డైరెక్టర్ కొత్త మనిషి. ఆ రోజుల్లో ఉన్నవాళ్ళు నలుగురో అయిదుగురో మిగిలారు. ఆ వెబ్‌సైట్‌నే నిరుడు తీసేసి ఇంకోటి కట్టుకున్నాం. మనసు విప్పి మాట్లాడినందుకు థాంక్స్ అంది డైరెక్టర్. ఆవిడ నాలుగేళ్ళు మోసిన బరువు అక్కడ ఒక్కళ్ళకీ గుర్తు లేదు.

అంకుల్ లేచారు. నావైపు చూడలేదు. ఫోటో దగ్గరికి వెళ్ళి, బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని, పైకే తెలుగులో మాట్లాడారు.

"ఏమే, విన్నావా? నీ తప్పు కాదంట. నలుగురి ముందూ ఎన్నిసార్లు నవ్వానే నిన్ను చూసి. పక్కన కూర్చోబెట్టుకుని రోజూ తీసుకెళ్ళానే ఆ గోడౌన్‌కి. ఒక్క రోజన్నా, నేను కాదండీ అని అనొచ్చు కదే నాతో."

అమెరికన్లు ప్రార్థన అనుకున్నారు. ఒక్కొక్కరే చేతులు ముడుచుకుని తలలు వంచారు. ఆయన ఆగి, మళ్ళీ అదే మాట అని, ఇంక అనలేక ఊరుకున్నారు. వెనక వరసలోంచి ఎవరో మెల్లగా ఆమెన్ అన్నారు. తర్వాత హాలంతా అంది.